ఊరి చరిత్ర సాయంత్రాలు: మొదటి మాట నుంచి మర్నాటి పని దాకా

ఒడిశాలో మన తెలుగువాళ్లుండే పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్ల నుంచి, కాశీనగరం వైపు నుంచి, గునుపురం నుంచి కూడా ఇదే ప్రశ్న అడుగుతున్నారు: "మా ఊళ్లోనూ నెలకోసారి చరిత్ర మీద సాయంత్రం ప్రసంగాలు పెట్టాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?" ఫోన్లో చెబితే సగమే చెప్పగలం. అందుకే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. చాలామంది మంచి వక్త దొరికితే చాలనుకుంటారు. మా అనుభవంలో ప్రసంగం కన్నా దాని తర్వాతి అరగంటే ముఖ్యం. వక్త చెప్పింది విని, వెనక గోడకు ఆనుకున్న తాత "అది కాదు బాబూ, నేను చూశాను" అని లేస్తాడు చూడండి, అసలు చరిత్ర అక్కడ మొదలవుతుంది. కింద రాసిన ఏర్పాట్లన్నీ ఆయన లేచేలా చేయడానికీ, ఆయన మాట పోకుండా పట్టుకోవడానికీ.

1. ముగ్గురు మనుషులు, ఒక నోట్‌బుక్

పెద్ద కమిటీ వద్దు. పదిహేను మంది పేర్లు రాస్తే పని చేసేది ఎలాగూ ముగ్గురే. ఆ ముగ్గురినే తీసుకుని పని పంచండి. ఒకరు వక్తలను చూసుకుంటారు. ఒకరు చోటు, మైకు, కరెంటు చూస్తారు. మూడోవారు రాత, రికార్డింగు మాత్రమే చూడాలి, ఆ సాయంత్రం ఇంకో పని పెట్టుకోకూడదు. మొదటి ఏడాది మేము ఈ మూడోవారికే టీ పంచే పని కూడా ఇచ్చాం. ఆరు ప్రసంగాల్లో మూడింటికి నోట్సు లేదు.

ముగ్గురిలో ఒకరికి ఒడియా చదవడం, రాయడం బాగా రావాలి. ఎందుకో కింద తెలుస్తుంది.

రిజిస్ట్రేషన్ గురించి మొదట్లో టెన్షన్ పడొద్దు. 1860 నాటి సొసైటీల చట్టం కింద నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. రెండేళ్లు నడిచాక, విరాళాలు పెరిగాక ఆ సంగతి చూసుకోవచ్చు. కానీ లెక్కలు మాత్రం మొదటి రోజు నుంచే రాయాలి. ప్రతి ప్రసంగం మర్నాడు జమా ఖర్చులు ఒక కాగితం మీద రాసి గ్రంథాలయం తలుపుకో కోవెల మండపానికో అంటించండి. అడిగేవాళ్లు ఉండరు.

2. నెల, రోజు, వేళ

ఏడాదికి పన్నెండు ప్రకటించకండి. ఆరు చాలు. ఉభాల (వరినాట్ల) రోజుల్లో, కోతల్లో, నూర్పుల్లో మనిషి దొరకడు. మాకు కుదిరినవి సంక్రాంతి దాటాక మూడు, వేసవిలో రెండు, దసరా దాటాక కోతలకు ముందు ఒకటి.

రోజు ఎంచేటప్పుడు ఇవి సరిచూడండి:

- ఆ రోజు సంత ఉందా? మన ఊళ్లోదే కాదు, పక్క ఊరిది కూడా.
- మార్గశిర గురువారమా? ఒడియా ఇళ్లలో లక్ష్మి పూజ. ఆడవాళ్లు ఒక్కరూ రారు.
- పిల్లల మెట్రిక్ పరీక్షలు దగ్గరపడ్డాయా?
- పున్నమికి దగ్గరగా ఉందా? వెన్నెల ఉంటే పక్క పేటల నుంచి నడిచి వచ్చే ముసలివాళ్లకు ధైర్యం. మేము పున్నమికి దగ్గరి శనివారం అని పెట్టుకున్నాం. తేదీ చెప్పకపోయినా జనానికి గుర్తుంటుంది.

తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29. గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన చోటు మనది, ఆ రోజే పెడదామని అందరికీ ఉంటుంది. మేమూ పెట్టాం. కుండపోత వాన. పదకొండు మంది వచ్చారు, అందులో ముగ్గురం మేమే. గిడుగు గారి మీద ప్రసంగం ఫిబ్రవరిలో పెట్టుకున్నా ఆయన ఏమీ అనుకోరు.

వేళ సాయంత్రం ఆరున్నర. డిసెంబరులో ఇక్కడ అయిదుంబావుకే పొద్దు గూకుతుంది, జూన్లో ఆరున్నర దాకా వెలుగుంటుంది. అందుకని ఎండాకాలం ఏడింటికి జరపండి. మొదలైన రెండు గంటల్లో ముగిసిపోవాలి.

3. విషయం: ఎంత ఇరుగ్గా ఉంటే అంత మంచిది

"మన ఊరి చరిత్ర" అని పెడితే వక్త అశోకుడితో మొదలుపెట్టి మన ఊరు చేరేలోపు జనం ఇళ్లకు పోతారు. ఇలా పెట్టండి:

- చెరువు నీటి వంతులు ఎలా పంచేవారు?
- చిన్న రైలు రోజులు
- కొమ్ము బొమ్మలు చేసే వీధిలో ఒక రోజు పని
- 1936లో మద్రాసు నుంచి ఒడిశాకు రాష్ట్రం మారినప్పుడు బళ్లో ఏం మారింది?
- సవర గిరిజనుల కొండల నుంచి సంతకు ఏమేం దిగేవి?
- 2018 తిత్లీ తుపాను రాత్రి

మొదటి ప్రసంగానికి మా సలహా చిన్న రైలు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో పడ్డ రెండున్నర అడుగుల గేజు లైను, తర్వాత గునుపురం దాకా వెళ్లింది. పెద్ద గేజు పని కోసం 2004లో ఆగింది. నలభై దాటిన ప్రతివాళ్లకూ దాని మీద ఒక కథ ఉంటుంది, ఎవరికీ దాని మీద తగాదా లేదు. నడుస్తున్న బండి దిగి మళ్లీ ఎక్కామని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ నలుగురుంటారు. నమ్మినా నమ్మకపోయినా రాసుకోండి.

భూమి తగాదాలు, కులాల పుట్టుక, గుడి హక్కులు మొదటి రెండేళ్లు ముట్టుకోవద్దు. పిరికితనం అనుకున్నా సరే. ఒక్క సాయంత్రం చెడితే తర్వాతి అయిదింటికీ మనుషులు రారు.

4. వక్తను పిలవడం

రెండు నెలల ముందు ఇంటికి వెళ్లి అడగండి. ఫోన్లో ఒప్పుకున్న మాట ఫోన్లోనే రద్దవుతుంది.

పుస్తకాలు చదివి చెప్పేవారికి ఈ నాలుగూ ముందే చెప్పాలి: ముప్పై నిమిషాలే, విషయం ఇదే, ప్రశ్నలుంటాయి, రికార్డు చేస్తాం. మొహమాటపడి చెప్పకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. ఒక పెద్దాయన గంటా యాభై నిమిషాలు మాట్లాడారు. ఆపడానికి పూలదండ ముందుకు తెస్తే మెడలో వేయించుకుని మళ్లీ కొనసాగించారు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవారికి తిరిగి వెళ్లే బస్సు సంగతి మీరే కనుక్కోండి. రాత్రి ఉండాల్సి వస్తే ఎవరింట్లోనో ముందే ఖాయం చేయండి. బస్సు ఛార్జీ కవరులో పెట్టి, వచ్చిన వెంటనే ఇవ్వండి, వెళ్లేటప్పుడు కాదు.

ఊరి పెద్దవాళ్ల సంగతి వేరు. ఎనభై ఏళ్ల తాతను మైకు ముందు నిలబెడితే రెండు నిమిషాల్లో "ఇంకేటుంది బాబూ, అంతే" అని కూర్చుంటాడు. ఆయన పక్కన మనవరాలి వరస పిల్లను కూర్చోబెట్టి అడిగించండి. "తాతా, మీ పెళ్లికి రైల్లో వెళ్లారా, బండి కట్టుకుని వెళ్లారా?" ఇలా మొదలైతే ఆపడమే కష్టం. "ఆ రోజుల్లో జీవితం ఎలా ఉండేది?" అని మాత్రం అడగొద్దు. దానికి "బాగుండేది" తప్ప జవాబు రాదు.

సవర పెద్దలు వస్తే వాళ్ల భాషలోనే మాట్లాడనివ్వండి. మాట తెలిసినవారు పక్కనుండి రెండు మూడు వాక్యాలకోసారి తెలుగులో చెప్పాలి. టైము రెట్టింపు పడుతుంది, అలాగే లెక్కేసుకోండి.

5. ఏ సంవత్సరమో తేల్చడం

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

పాత కాగితం వెతకబోయే ముందు ఒకటి గుర్తుంచుకోండి. 1936 ఏప్రిల్ 1కి ముందు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉంది. పర్లాకిమిడి గంజాం జిల్లాలో, గునుపురం, రాయగడ విశాఖపట్నం జిల్లాలో. అప్పటి సర్కారు దస్తావేజుల కోసం చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్ వైపు, తర్వాతి వాటికోసం భువనేశ్వర్ వైపు చూడాలి. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న పుట్టినవి. "1950లో గజపతి జిల్లాలో" అని వక్త అంటే మెల్లగా సరిదిద్దండి.

కాగితం మీద సంవత్సరం మూడు రకాలుగా కనిపిస్తుంది:

ఫసలీ. మద్రాసు నాటి భూమి కాగితాల్లో ఉంటుంది. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, కానీ ఫసలీ జులైలో మొదలవుతుంది. 1345 ఫసలీ అంటే 1935 జులై నుంచి 1936 జూన్ దాకా. రాష్ట్రం మారింది ఈ ఫసలీలోనే.

తెలుగు సంవత్సరం పేరు. రౌద్రి అంటే 1980 ఉగాది నుంచి 1981 ఉగాది దాకా. అదే పేరు అరవై ఏళ్ల ముందు 1920లోనూ వచ్చింది. చెప్పే మనిషి వయసు చూసి ఏదో తేల్చండి.

అంకం. ఒడియా పత్రాల్లో రాజు ఏలుబడి సంవత్సరం. ఇది మాయదారి లెక్క. 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. 17వ అంకం అంటే పదిహేడో ఏడు కాదు, పద్నాలుగోది. 2 నుంచి మొదలుపెట్టి, 6నీ 16నీ వదిలేసి వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి.

ఇక నోటి మాట. "నా చిన్నప్పుడు" అంటే ఏడు తేలదు. తేలాలంటే అందరికీ తెలిసిన గుర్తును పట్టుకోవాలి. మేము ఒక అట్ట మీద ఇవి పెద్ద అక్షరాలతో రాసి గోడకు పెడతాం:

- 1957 ఏప్రిల్: అణాలు పోయి నయా పైసలు
- 1962 ఫిబ్రవరి: అష్టగ్రహ కూటమి (ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో)
- 1975 జూన్: ఎమర్జెన్సీ
- 1980 ఫిబ్రవరి 16: పెద్ద సూర్యగ్రహణం
- 1999 అక్టోబరు: తుపానులు
- 2004: చిన్న రైలు ఆగింది
- 2013 అక్టోబరు: ఫైలిన్ తుపాను
- 2018 అక్టోబరు: తిత్లీ

"బావి తవ్వింది అష్టగ్రహ కూటమికి ముందా, తర్వాతా?" అని అడిగితే, "ముందే. లోకం మునిగిపోతాదని హోమాలు చేసినప్పుడు ఆ నీళ్లే తోడాం" అంటారు. ఏడు దొరికినట్టే. మీ ఊరి గుర్తులు, అంటే కరెంటు వచ్చిన ఏడు, వంతెన పడ్డ ఏడు, మీరే చేర్చుకోండి.

రాళ్లు, రాగిరేకులు ఎవరింట్లోనైనా ఉంటే:

- శాసనం మీద సుద్దముక్క, నూనె, పసుపు రుద్దొద్దు. చీకటి పడ్డాక టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీస్తే అక్షరాలు లేచి కనిపిస్తాయి.
- రాగిరేకును చింతపండుతో తోమొద్దు. మెరుస్తుంది, అక్షరం పోతుంది.
- తవ్వకంలో పాత నాణేలో విగ్రహమో దొరికితే అది కలెక్టరుకు తెలియజేయాల్సిన వస్తువు. 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది. ప్రసంగంలో చూపించి చేతులు మార్చే పని పెట్టుకోవద్దు.

6. చోటు, మైకు, కరెంటు

అన్ని వీధులవాళ్లూ అడుగుపెట్టే చోటు వెతకండి. కోవెల మండపం బాగానే ఉంటుంది గానీ కొందరు లోపలికి రారు. బడి వరండా, పంచాయతీ ఆఫీసు ముందు జాగా, పాత ధాన్యం కళ్లం ఇంకా నయం. ఒడియా వీధిలో భాగవత ఘర్ (భాగవతం చదువుకునే ఇల్లు) ఉంటే అక్కడ ఏడాదికి ఒకటైనా పెట్టండి. ఇటువాళ్లు అటు వెళ్లినట్టు ఉంటుంది.

యాభై మందికి పెద్ద మైకు సెట్టు అక్కర్లేదు. ఛార్జింగ్ స్పీకరు చాలు. పెద్ద సెట్టు పెడితే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, రాత్రి పది తర్వాత ఎలాగూ నిషేధం.

ముందు రోజు సరిచూడాల్సినవి:

- స్పీకరు ఫుల్ ఛార్జి, వైరు మైకు ఒకటి అదనంగా
- రెండు ఛార్జింగ్ లైట్లు
- ముసలివాళ్లకు వీపున్న కుర్చీలు పది, మిగతావారికి చాపలు
- తాగునీళ్లు, మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుందో
- వాన వస్తే ఎక్కడికి మారుస్తాం?

7. చాటింపు

మేము మొదటిసారి పోస్టరు తెలుగులోనే వేశాం. చక్కగా ఉందని మురిసిపోయాం. కుర్రాళ్లు ఒక్కరూ రాలేదు. అడిగితే తెలిసింది, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడి చదువు మాత్రం ఒడియాలో. మన అక్షరాలు కూడబలుక్కుని చదవాలి. అప్పటి నుంచి ఒకే కాగితం మీద పైన తెలుగు, కింద ఒడియా. వాట్సాప్‌లో రాతకన్నా ముప్పై సెకన్ల మాట రికార్డు చేసి పంపితే బాగా పనిచేస్తుంది, అక్షరాల గొడవ ఉండదు.

పెద్దవాళ్లకు పోస్టరూ వద్దు, వాట్సాపూ వద్దు. ఆ ఉదయం గుమ్మం దగ్గరకు వెళ్లి "సాయంత్రం మీరు రావాలి పిన్నీ, రైలు మాట మీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు" అని చెప్పాలి. పది గుమ్మాలు తిరిగితే ఏడుగురు వస్తారు.

8. ఆ సాయంత్రం వరుస

6.30 – వచ్చినవాళ్లకు టీ. ముందే ఇస్తే ముందే వస్తారు.
6.45 – స్వాగతం, రెండు నిమిషాలు. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద ఆరుగురు, శాలువాలు వద్దు.
6.50 – ప్రసంగం
7.20 – ఒడియాలో మూడు నిమిషాల సారాంశం
7.25 – జనం మాట
8.00 – మరమరాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ఇక్కడ కూడా రికార్డరు నడుస్తూనే ఉందని అందరికీ చెప్పండి.
8.30 – ఇళ్లకు

వక్తకు పాతిక నిమిషాలు కాగానే ఒక చీటీ, ముప్పైకి మంచినీళ్ల గ్లాసు. గ్లాసు వస్తే ముగించాలని ముందే ఒప్పందం.

9. జనం మాట: ఈ అరగంటను కాపాడండి

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని అడిగితే ఎవరూ మాట్లాడరు. బాగా చదువుకున్న ఒకాయన లేచి తన సొంత ప్రసంగం మొదలుపెడతాడు, అంతే. దానికి బదులు పేరు పెట్టి, వరస పెట్టి, చిన్న సంగతి అడగండి. "మావా, మీ నాన్నగారు స్టేషన్లో కూలి చేసేవారు కదా, రోజుకు ఎంత ఇచ్చేవారట?" ఒక అంకె బయటికొస్తే పక్కవాడు దాన్ని కాదంటాడు. ఆ కాదనడమే మనకు కావాలి.

రెండు మాటలు కలవకపోతే ఎవరిది నిజమో అక్కడే తేల్చొద్దు. ఇద్దరి మాటా పేరుతో సహా రాసుకుంటామని బయటికి చెప్పండి. మా ఊళ్లో చెరువు గట్టు ఎవరు వేయించారన్న దాని మీద రెండు ఇళ్లు పట్టుబట్టాయి, గొంతులు లేచాయి. నోట్‌బుక్కులో రెండూ రాసి, రెండిళ్లవాళ్లకూ చదివి వినిపించాక గానీ చల్లారలేదు. ఇప్పటికీ రెండూ అలాగే ఉన్నాయి, మూడో ఆధారం దొరికితే చూద్దాం.

ఆడవాళ్లు మగవాళ్ల ముందు మైకు పట్టుకోరు. మైకు పంపకండి. మరమరాల వేళ మన అమ్మాయి ఒకరు వాళ్ల చాప మీద కూర్చుని అడిగితే చాలు. విత్తనాలు దాచిన తీరు, మంత్రసానుల పేర్లు, కరువులో ఏ దుంపలు ఉడికించారు, ఇవన్నీ మాకు ఆ చాప మీదే దొరికాయి.

10. రికార్డింగు

- ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఒకసారి మాకు మంచి చోట ఎవరిదో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోయింది, గంట తర్వాత చూసుకున్నాం.
- రెండు ఫోన్లు: ఒకటి వక్త ముందు, ఒకటి జనం మధ్యలో.
- ఫ్యాను కింద పెట్టొద్దు.
- మొదట తేదీ, ఊరు, విషయం గట్టిగా చెప్పి మొదలుపెట్టండి.
- "మీ మాట దాచుకోవచ్చా, నలుగురికీ వినిపించవచ్చా?" అని రెండూ విడివిడిగా అడగండి. దాచుకోమని, వినిపించొద్దని చెప్పేవాళ్లుంటారు.
- ఆ రాత్రే ఇంకో చోటికి కాపీ. ఫైలు పేరులో తేదీ, విషయం.

పాత ఫొటోలు, పత్రాలు ఇంటికి పట్టుకుపోవద్దు. వాళ్ల గుమ్మంలోనే పగటి వెలుతురులో ఫొటో తీసి, అక్కడికక్కడే తిరిగి చేతిలో పెట్టండి. ఒక్క ఫొటో పోయిందన్న మాట పుడితే ఇంక ఏ ఇంటి పెట్టే తెరుచుకోదు.

11. తరచూ వచ్చే చిక్కులు

జనం తగ్గిపోతున్నారా? బయటి వక్తలు ఎక్కువైపోయి ఉంటారు. తర్వాతిది ఊరివాళ్లతోనే పెట్టండి.

రాజకీయ నాయకుడు వస్తానన్నాడా? రమ్మనండి, చాప మీద కూర్చోమనండి. మైకు మాత్రం విషయం తెలిసినవారికే.

వక్త చివరి నిమిషంలో రాలేదా? అట్ట మీది గుర్తుల్లో ఒకటి తీసుకుని "గ్రహణం రోజు మీరు ఎక్కడున్నారు?" అని వరుసగా అడిగించండి. మా మంచి సాయంత్రాల్లో ఒకటి అలా వచ్చిందే.

12. మర్నాడు, వారం లోపల

మర్నాడు ఉదయమే, మాట ఇంకా చెవిలో ఉండగా, రికార్డింగు వింటూ ఒక పేజీ రాయండి: ఎవరు, ఏమన్నారు, ఏ ఏడు, ఎవరు కాదన్నారు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి, పలుకు తేడా వల్ల రెండూ వేర్వేరు ఊళ్లనుకునే ప్రమాదం ఉంది.

వారం లోపల ఆ పేజీ పట్టుకుని మాట్లాడిన తాత దగ్గరకు వెళ్లి చదివి వినిపించండి. చేతిలో పెన్ను, ఫోన్లో రికార్డరు సిద్ధంగా ఉంచుకోండి. "ఇదంతా సరేగానీ, ఆ రోజు నలుగురిలో చెప్పనిది ఒకటుంది" అని ఆయన మొదలుపెట్టేది అప్పుడే.